కొండచరియల మేక

నీలగిరి తార్‌ను తమిళులు ‘వరైయాడు’ అంటారు. కొండచరియల మేక అని అర్థం. కేరళ, తమిళనాడుల పశ్చిమ కనుమలలో తప్ప ప్రపంచంలో ఇది మరెక్కడా అగుపడదు. మంద మేస్తుండగా ఒకటి రెండు పెద్ద ఆడమేకలు దిగువకే చూస్తుంటాయి. అనుమానం కలిగితే ఈల వంటి కూత. మరుక్షణం అన్నీ నిట్టనిలువు బండలెక్కుతాయి.

1978లో జాతీయ ఉద్యానమైన ఎరవికుళంలో, రాజమల బాట పక్కన మాత్రం ఇవి మనుష్యుల చెంతనే నిర్భయంగా మేస్తాయి. వేట లేనందువల్ల కలిగిన నమ్మకమిది. దానిని ఆసరాగా తీసుకొని తాకబోవడం, తినుబండారాలు పెట్టడం అన్యాయం. ఈనిక కాలమైన ఫిబ్రవరి, మార్చి నెలలలో ఉద్యానాన్ని సందర్శకులకు మూసివేస్తారు. అది ఎంతైనా సబబు. ఫొటో కోసం వెంబడిస్తే తల్లి చరియ మీదికి పరుగెడుతుంది, కూన వెనుకబడుతుంది.

ఇతర కొండలలో మంద ఎదురైతే ఉన్నచోటనే కూర్చోండి. ఓపిక పడితే, వీపున వెండి జీను వంటి తెల్లని మచ్చ గల ముదురు పోతు బండచాటు నుండి ఇవతలికి రావచ్చు.