వంటింటి విజ్ఞానం: చేపకు సన్నని సెగ చాలు

మన భాషలో నీరు మరుగుతుంది, చేప ఉడుకుతుంది. ఈ రెండు మాటలకు నడుమ గల తేడాయే ఈ నెల మా శీర్షికకు విషయం. మంచినీటి చేపను నూనె లేకుండా నీటిలో ఉడికించి పెట్టడం జ్వరం తగ్గి లేచినవారికి, పళ్ళు లేని వృద్ధులకు, అన్నం తినే వయసు పిల్లలకు ఎంతో ఉపకరిస్తుంది. అయినప్పటికీ చాలా ఇళ్ళలో ఈ ప్రయత్నం ఒక్కసారితోనే ఆగిపోతుంది. ముక్క చెదిరి ముద్దయినదని కొందరు, మట్టివాసన వచ్చినదని మరికొందరు, ముల్లు గుచ్చుకొంటుందన్న భయంతో ఇంకొందరు మానివేస్తారు. ఈ మూడు చిక్కులకూ తరుణోపాయాలు ఉన్నవి.

పుదుచ్చేరి నుండి కడలూరు వెళ్ళే రహదారిపై ఉన్న కిరుమాంబాక్కం గ్రామాన్నే తీసుకొందాం. దానికి తూర్పున సముద్రం దగ్గరలోనే ఉన్నది. మరొక ప్రక్క, పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుటేరి తరువాత అంత పెద్దదైన బాహూరు చెరువు కలదు. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువులు నిండుతవి. వేసవిలో నీరు తగ్గుతుంది. కడలి చేప, చెరువు చేప రెండూ దొరకగల ఇటువంటి చోటికి యానాం నుండి గాని, కోస్తా జిల్లాల నుండి గాని ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలకు మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. అక్కడివారు ‘విరాల్’ అనేది మన కొర్రమీను. ‘కెళుత్తి’ మన జెల్ల. ‘కట్లా’ అంటే బొచ్చె, ‘రోహు’ అంటే శీలావతి. ఈ నాలుగు పేర్లు తెలిసినచో బేరం సులభమవుతుంది.

రోగులకు, పిల్లలకు కొర్రమీను శ్రేష్ఠం; దాని కండలో సన్నని ముళ్ళు తక్కువ. బొచ్చె, శీలావతులలో వీపు, తోక భాగాల కండలో చీలిక ముళ్ళు దాగి ఉంటవి. పొట్టవైపు ముక్కలలో ఉండేవి పెద్ద ప్రక్కటెముకలు కనుక తేలికగా తీసివేయవచ్చును. ఇంటిలో చిన్నవారు ఉన్నప్పుడు ఆ ముక్కలనే ఎంచుకోవడం మేలు.

ఇక సెగ సంగతి. మేక మాంసంలో కండను పట్టి ఉంచే పీచుపదార్థం ఎక్కువ, గట్టిది. అది కరగడానికి చాలాసేపు ఉడకాలి. చేపలో ఆ పదార్థం చాలా తక్కువ, పైగా సుమారు 60 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. అందువల్ల 100 డిగ్రీల వద్ద ఎగిరెగిరి పడే నీటిలో ముక్క పొరలు పొరలుగా విడిపోయి, రసం బయటకు పోయి, మిగిలిన కండ పొడిబారుతుంది. చేపల పులుసులో గరిటె పెట్టరాదని, వెడల్పాటి గిన్నెను రెండు చేతులా పట్టి కుదపాలని మన పెద్దలు చెప్పిన మాటకు కారణం ఇదే. నీరు 75, 80 డిగ్రీల నడుమ ఉంటే చాలును. ఉష్ణమాపకం లేకపోయినా అడుగున చిన్న చిన్న బుడగలు పుట్టుచూ, పైన నీరు వణుకుతున్నట్లు మాత్రమే కనబడితే సెగ సరిపోయినట్లే.

మట్టివాసన చేప చెడిపోయినందువల్ల వచ్చేది కాదు. చెరువు నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు ‘జియోస్మిన్’ అనే పదార్థాన్ని తయారు చేస్తవి. తొలకరి నేల వాసన కూడా దానిదే. పులుపు తగిలినప్పుడు ఈ పదార్థం విరిగి వాసన తగ్గుతుంది. చేపకు చింతపండును జత చేయడంలో రుచితోపాటు ఈ ప్రయోజనం కూడా ఉన్నది.

విధానం ఇట్లు: అరకిలో చేపకు మొప్పలు, లోపలి నల్లని పొర తీసివేసి, ఉప్పు, నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచి కడగాలి. లీటరు నీటిలో చిన్న ఉల్లిపాయ, అల్లం ముక్క, మిరియాలు, కరివేపాకు, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, కొద్దిగా చింతపండు వేసి పది నిమిషాలు బాగా మరిగించాలి. పిమ్మట సెగ తగ్గించి, నీటి పొంగు అణగిన తరువాతనే ముక్కలను జారవిడవాలి. అంగుళం మందం గల ముక్కకు ఎనిమిది నుండి పది నిమిషాలు పడుతుంది. కండ అద్దంలా కాక తెల్లగా మారి, చెంచా తగిలించగానే పొరలుగా విడివడితే ఉడికినట్లు. చేపను కోయకుండా నిండుగా వండేటప్పుడు మాత్రం గోరువెచ్చని నీటిలో వేసి నెమ్మదిగా వేడి చేయాలి. లేనిచో పైచర్మం పగిలి, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

1954 వరకు పుదుచ్చేరిని ఏలిన ఫ్రెంచివారి వంటలోనూ ముందుగా దినుసులతో నీటిని మరిగించి, దానిలో చేపను సన్నసెగపై ఉడికించే పద్ధతి ఉన్నది. ఆ నీటిని వారు ‘కూర్ బుయ్యోఁ’ అంటారు. వారు అందులో ద్రాక్షసారా గాని, వినిగర్ గాని పోస్తే మనం చింతపండు వేస్తాం; సూత్రం ఒక్కటే. ఉడికిన నీటిని పారబోయరాదు. నీటిలో కరిగే బి విటమినులు, లవణాలు కొంతమేరకు అందులోకి దిగుతవి. వడకట్టి మిరియాల చారు పెట్టినచో రోగికి హితవుగా ఉంటుంది.

కొన్ని హెచ్చరికలు తప్పనిసరి. సన్నసెగ అన్నాము గాని సగం ఉడుకు అనలేదు. ఈశాన్య థాయిలాండులో పచ్చి మంచినీటి చేప తినే అలవాటు వల్ల కాలేయపు పురుగు వ్యాపించి, పిత్తనాళాల కాన్సరుకు దారితీసినది. ముక్క నడిమి భాగం కూడా తెల్లబడిన తరువాతనే దింపాలి. పొట్టలోని పచ్చని చేదుసంచిని, అనగా పిత్తాశయాన్ని, చిట్లకుండా తీసి పారవేయాలి. మందు అని నమ్మి దానిని మ్రింగేవారు ఉన్నారు. బొచ్చె, శీలావతి వర్గపు చేపల పిత్తంలోని విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వండినా అది నశించదు. గొంతులో ముల్లు దిగితే అన్నపు ముద్దలు మ్రింగించక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. వండిన చేపను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఎంత తినవచ్చునో వైద్యునే అడగాలి.

పెట్టే ముందు చేతివ్రేళ్ళతో ప్రతి పొరనూ విప్పి ముళ్ళు చూడండి. ఈ పని గృహిణిదే కానక్కరలేదు. ఆదివారంనాడు ఇంటి యజమాని చేసినా ముళ్ళు అంతే చక్కగా వస్తవి. కంటిచూపు మందగించిన పెద్దలు నిశ్చింతగా ఒక ముద్ద తినగలిగిన నాడు ఈ కొద్దిపాటి ఓపికకు తగిన ఫలం దక్కినట్లే.