మర్యాద యెవరి సొత్తు?

సంక్రాంతికి స్వగ్రామములకు పోయి తిరిగివచ్చిన పట్టణవాసులు ప్రతి సంవత్సరమును ఒకే పాట పాడుచున్నారు. పల్లెలలో మర్యాద పోయినదట. పెద్దలు వీధిని పోవుచుండగా కుర్రవాండ్రు అరుగు మీదనుండి లేచుట లేదట. పాలేరు కుమారుడు ముసలి కామందుగారి యెదుటనే, మోటారుసైకిలు దిగకుండ రివ్వున పోయినాడట. చెప్పులు విడువలేదట, పైగుడ్డ నడుమునకు చుట్టలేదట. ఈ మాటలను మేమొక పఠనమందిరములో నలుగురు విద్యావంతుల నోట వింటిమి. నలుగురును మంచివారే, నలుగురును నిజముగా నొచ్చుకొన్నవారే. కాని వారు దేనిని పోగొట్టుకొంటిమని విచారించుచున్నారో అది యెన్నడును వారి సొత్తు కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఒక సంగతి ఒప్పుకొందము. తెలుగుపల్లెకు మర్యాద కలదు. అది చాల గొప్పది. ఎండవేళ వచ్చినవానికి పేరైన అడుగక మునుపే చెంబుతో నీళ్లిచ్చి కాళ్లు కడుగుకొమ్మనుట, మజ్జిగ యిచ్చిన పిదప గాని వచ్చిన పని యడుగకుండుట, పంక్తిలో కడపటివాని భోజనము ముగియువరకు తక్కినవారు విస్తరి ముందునుండి లేవకుండుట, పెండ్లికి శుభలేఖ చాలదని గడప గడపకు పోయి బొట్టు పెట్టి పిలుచుట, ఇవి యే గ్రంథమును చదివి నేర్చుకొన్నవి కావు. మన యిల్లాలు బియ్యము అయిపోయినవనదు, నిండుకొన్నవనును. దీపము ఆరినదనదు, కొండెక్కినదనును. సెలవు తీసుకొనువాడు పోయెదననడు, పోయివచ్చెదననును. లేమిని, చీకటిని, ఎడబాటును సైతము ఎదుటివాని చెవికి నొప్పి తగులకుండ చెప్పవలెనను జాగ్రత్త మన భాషలోనే కుదురుకొన్నది. ఆంగ్లేయులవలె మాటకొకమారు కృతజ్ఞత చెప్పరు గనుక మన పల్లెవారు మోటువారని తలచువారు గోదావరి మండలములో ఒక్క పూట యుండి, ప్రతి మాటకును తగిలించు ‘అండి’ని లెక్కపెట్టుకొనవచ్చును. అన్నము పెట్టిన తల్లికి ‘ధన్యవాదము’ అని చెప్పిన ఆమె నవ్వును. ‘నీ కడుపు చల్లగా నుండ’ అన్న ముసలివానిని చూచి నవ్వదు.

వరుసలు కలుపుకొనుట మఱియొక చక్కని యాచారము. రక్తసంబంధము లేని యిరుగుపొరుగువారు బాబాయి, పిన్ని, మామ, అక్క అని పిలుచుకొందురు. కొన్ని యూళ్లలో కులము దాటి కూడ పిలుచుకొందురు. కాని అది కొంతదూరము మాత్రమే. ఆ కొంతదూరము ఎచ్చట ఆగిపోవునో అచ్చటనే మా పేచీ.

మన భాషలో ‘నీవు’ కలదు, ‘మీరు’ కలదు. వాడు, అతడు, ఆయన, వారు అని ఒక్క మనుష్యునికే నాలుగు మెట్లు కలవు. ఎవరిని ఏ మెట్టుమీద నిలుపవలెనో వయస్సును బట్టి తేలునని బడిలో చెప్పుదురు. అది యబద్ధము. పన్నెండేండ్ల కామందు కుమారుడు డెబ్బదియేండ్ల పాలేరును ‘ఒరే’ యనుటయు, ఆ వృద్ధుడు బదులుగా ‘చిన్నబాబుగారూ’ అనుటయు మా కాలమున మేమే వింటిమి. స్త్రీల విషయమున అన్యాయము మఱింత లోతైనది. మనుమలనెత్తిన ముదుసలి, ఊరివారందఱి పొలములలో నాట్లు వేసిన మనిషి, పరోక్షమున ‘అది’ యగును. ఆవును, బండిని, పారను చెప్పు మాటయే ఆమెకును. ఇది వ్యాకరణమని చెప్పి తప్పించుకొనరాదు. కామందుగారి తల్లి పరోక్షమున కూడ ‘అమ్మగారు’ గానే యున్నది గదా!

సభల నిమిత్తము మేము తిరిగిన పల్లెలలో, హోటలు చూరునకు వేరుగా పెట్టియుంచిన గ్లాసులను కన్నులార చూచితిమి. ఆ హోటలు యజమాని మా యెడల చూపిన మర్యాద వర్ణింపరానిది. బల్ల తుడిచెను, పంకా త్రిప్పెను, ‘తమరు ఏ యూరండి’ అని మూడు మారులడిగెను. ఆ గ్లాసులెవరివని మేమడుగగా అంత మర్యాదగానే నవ్వి, ‘అవి వారివండి’ అనెను. ఇప్పుడు కాగితపు కప్పులు వచ్చి ఆ చిక్కు చాలచోట్ల తీరినది. త్రాగి పాఱవేయు కప్పునకు అంటు లేదు. గ్లాసు మాఱినది గాని ‘ఒరే’ మాఱలేదు.

తెలంగాణపు గడీల యెదుట చెప్పులు చేత బట్టుకొని నడచినవారు, ‘నీ బాంచను, కాల్మొక్కుత’ అన్నవారు మర్యాద చూపుచుండిరా? బాంచ యనగా బానిస. వెట్టిలో నలిగినవాని నోట భయము పలికించిన మాట అది. 1946 మొదలు 1951 వరకు అచ్చటి పల్లెలు భూమికొఱకు పోరాడెనని చరిత్రలో వ్రాసికొన్నాము. తలయెత్తి, చెప్పులతో, గడీ ముందు నడచుటకు కూడ అవి పోరాడెనని వ్రాసికొనవలసియున్నది.

మా మాట నమ్మనివారు చట్టమును తెఱచి చూడవచ్చును. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానికి శిక్షాశాసనము, 1989లో అత్యాచారనిరోధక చట్టము వచ్చెను. ఇన్ని వచ్చిన పిమ్మట కూడ, 2015లో ఆ చట్టమును సవరించుచు, షెడ్యూలు కులములవారిని, తెగలవారిని బహిరంగస్థలములలో చెప్పులు తొడుగనీయకుండుట, క్రొత్తబట్టలు కట్టనీయకుండుట, సైకిలుగాని మోటారుసైకిలుగాని ఎక్కనీయకుండుట, పెండ్లి ఊరేగింపు తీయనీయకుండుట నేరములని పార్లమెంటు పేరుపేరున చెప్పవలసివచ్చెను. చెప్పులు! సైకిలు! సంక్రాంతినాడు కానరాలేదని మన మిత్రులు విచారించిన మర్యాదల పట్టికను, పార్లమెంటు వ్రాసిన నేరముల పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనుడని ప్రార్థించుచున్నాము.

ఈ ‘మర్యాద’ తప్పినచో ఏమగునో కోస్తా మండలములు చూచినవి. 1985 జూలైలో కారంచేడులో తగవు మంచినీళ్ల చెఱువుకడ మొదలైనది. పశువుల మురికితో నీరు పాడుచేయవలదని చెప్పినందుకు మొదలైనది. ఆఱుగురు మాదిగలు చంపబడిరి. 1991లో చుండూరులో తగవునకు మొదలు, సినిమాహాలులో ఒక యువకుని కాలు మఱియొకనికి తగులుట. ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు హతులైరి. ఎదురుచెప్పుట, కాలు తగులుట: ఈ రెండును మర్యాదకు సంబంధించిన తప్పులే గదా! మర్యాద పోయినదని నిట్టూర్చునపుడు, అది యున్న దినములలో దానిని నిలిపినది కఱ్ఱయో గొడ్డలియో కూడ జ్ఞాపకము చేసికొనవలెను.

ఇది విని కొందఱు యువకులు, అట్లయిన మర్యాదయే వలదు, అంతయు భూస్వాముల చెత్త, ఊడ్చివేయుదమందురు. వారితోను మేమేకీభవింపజాలము. ఊడ్చివేసి పట్టణములో మనము తెచ్చిపెట్టుకొన్నదేమి? కార్యాలయపు కిటికీకడ పంచెకట్టు రైతును ‘ఏయ్, ప్రక్కకు జరుగు’ అనుటయు, ఆసుపత్రిలో నొప్పులు పడుచున్న కూలిస్త్రీని కసరుటయు, మాటలాడుచున్న మనిషి యెదుటనే చేతిఫోనులో తల దూర్చుటయు. చెంబెడు నీళ్లును, మజ్జిగయు ఏ కామందు సొమ్మును కావు. అవి కూలివాని గుడిసెలో కూడ ఉన్నవి. అచ్చటనే ఎక్కువగా ఉన్నవి. 1922లో వెలువడిన ‘మాలపల్లి’లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు సౌజన్యమునకు నెలవుగా చూపినది మాలవాడలోని రామదాసు నింటిని. ఆయనయు మావలె న్యాయవాద వృత్తిలో నుండినవారే. ఆ గ్రంథమును నాటి ప్రభుత్వము నిషేధించెను.

పరుల తప్పులెంచి మా తప్పు దాచుకొనుట ధర్మము కాదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక గట్టుతగాదాలో మేము ఒకే యుదయమున ఇద్దఱు సాక్షులను ప్రశ్నించితిమి. మొదటివారు ఇరువది యెకరముల ఆసామి. రెండవవారు ఆ పొలములోనే జీవితమంతయు పనిచేసి ముసలితనము పొందిన చర్మకారుడు. మొదటివారిని ‘ఆ దినమున మీరెచ్చట నుంటిరి?’ అని యడిగితిమి. రెండవవారిని ‘ఏమయ్యా, నీవెక్కడున్నావు?’ అని గద్దించితిమి. ప్రశ్న ఒక్కటే, గద్దింపవలసిన పనియు లేదు. మాకు తెలియనే లేదు. మాకడ పని నేర్చుకొనుచున్న ఒక చిన్నది సాయంకాలము చెప్పినపుడు గాని తెలియలేదు. మధ్యాహ్నము ఆవరణలోని చెట్టుక్రింద ఆ వృద్ధుడు సద్దిమూట విప్పుచు మమ్ము చూచి, నీడలో చోటు చేసి, ‘బాబుగారు ఇంకను భోజనము చేయనట్లున్నది’ అనెను. గంటసేపు నీవు నీవని కసరిన మా మొగమును చూచి అనెను! ఆ దినమున న్యాయస్థానమున మర్యాదస్థుడెవడని మమ్ములను ప్రమాణముపై అడిగినచో చెప్పుటకు సిద్ధముగా ఉన్నాము.

అందువలన మా మిత్రులను కోరునది ఒకటి. మర్యాద పల్లెనుండి పోయినదను విచారము నిజమైనచో దానిని మీరే తిరిగి కొనిపొండు. రాబోవు సంక్రాంతికి పాలేరును ‘మీరు’ అని పిలువుడు. అతని భార్యను పరోక్షమున ‘ఆవిడ’ యనుడు. అతని కుమారుడు మోటారుసైకిలుపై పోవునపుడు మీరే ముందుగా నమస్కరింపుడు. అతడు దిగునో దిగడో చూడుడు. దిగకున్నను నష్టము లేదు.

మా వంతు పని మేమును మొదలుపెట్టితిమి. వయోజనుడైన ప్రతి సాక్షిని, కులము, కొలువు, భూమి చూడక ‘మీరు’ అనియే ప్రశ్నింపవలెనని మా యూరి న్యాయవాదుల గదిలో ప్రతిపాదించితిమి. ఒక పెద్దమనిషి, ‘మీరు’ అని యడిగినచో అడ్డుప్రశ్నకు పదును తగ్గుననిరి. పదును లేని ప్రశ్నకు ‘నీవు’ వలన పదును రాదని మనవి చేసితిమి. కొందఱు నవ్విరి, ఇద్దఱు బలపఱచిరి, తక్కినవారు గడియారము చూచుకొనిరి. వచ్చు నెల మొదటి సోమవారమున ఆ ప్రతిపాదన మరల చర్చకు రానున్నది.