ప్యాడ్ మీద కొడితే ఎవరి తుడుము మోగాలి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి స్టేజి మీద ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ పెట్టాలా వద్దా అని నాలుగు రోజుల నుంచి గ్రూపులో గొడవ నడుస్తోంది. సంస్కృతి పోతోందని కొందరు, కాలంతో పాటు మారాలని కొందరు. మా హాస్టల్లో సీనియర్ అన్న ఒకరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న కిట్ ఉంది. కొన్ని నెలలుగా పాడేరు, చింతపల్లి, అరకు వైపు నుంచి వచ్చిన మేమందరం దాని మీదే చెయ్యి తిప్పుకుంటున్నాం. మాకు అనిపించింది ఏటంటే, కిట్ ఉండాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న. దాంట్లోంచి ఎవరి వాద్యం మోగుతోంది అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని ఎవరూ అడగట్లేదు.

చాలామంది ఆ రబ్బరు ప్యాడ్‌లోనే సౌండ్ ఉంటుందనుకుంటున్నారు. ప్యాడ్‌లో సౌండ్ ఏమీ ఉండదు. అడుగున బిళ్లలాంటి సెన్సార్ ఒకటి ఉంటుంది. పుల్ల తగిలినప్పుడు వచ్చే అదురు దాంట్లో కరెంటుగా మారి మాడ్యూల్ అనే పెట్టెలోకి వెళ్తుంది. ఆ పెట్టె నుంచి కంప్యూటర్‌కి యూఎస్‌బీ వైరు పెడితే, వెళ్లేది ముఖ్యంగా రెండు అంకెలే. దెబ్బ ఏ ప్యాడ్ మీద పడింది, ఎంత గట్టిగా పడింది. మామూలుగా కిక్ అయితే 36, స్నేర్ అయితే 38. బలం 1 నుంచి 127 దాకా. దీన్నే మిడి అంటారు, 1983 నుంచి ఉంది. 38 వచ్చినప్పుడు ఏది మోగాలో మనం కంప్యూటర్లో పెట్టుకున్నదాన్ని బట్టి ఉంటుంది. విదేశీ స్టూడియోలో రికార్డు చేసిన స్నేర్ పెట్టుకోవచ్చు, మన ఊరి తుడుము పెట్టుకోవచ్చు. మా రూమ్మేట్ ఒకడు కుక్క అరుపు పెట్టాడు, వారం రోజులు ఎవరికీ నిద్ర లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ కంపెనీ వాద్యంలో అయినా ఒకే నంబరుకి ఒకే సౌండ్ రావాలని 1991లో జనరల్ మిడి అనే పట్టిక చేశారు. అందులో కొట్టే వాద్యాలకి 35 నుంచి 81 దాకా 47 నంబర్లు. క్యూబా వాళ్ల బోంగో, కాంగా ఉన్నాయి. బ్రెజిల్ వాళ్ల కుయికా ఉంది. ఈల కూడా ఉంది, దానికి రెండు నంబర్లు! డప్పు లేదు, తుడుము లేదు, డోలు లేదు. మన దేశం నుంచి సితార్, షెహనాయ్ మిగతా వాద్యాల లిస్టులోకి ఎక్కాయి గానీ కొట్టే వాద్యాల్లో తబలాకే చోటు దొరకలేదు, ఇంక మన వాద్యాల సంగతి ఎవడు పట్టించుకుంటాడు. ఇది కుట్ర అని మేము అనట్లేదు. పట్టిక రాసినవాళ్లు వాళ్ల చెవులకి తెలిసినవి రాసుకున్నారు. మన చెవులకి తెలిసినవి మనమే పెట్టుకోవాలి.

"ట్రైబల్ డ్రమ్స్" అని నెట్‌లో వెతికి చూడండి. ఆఫ్రికా జెంబే, జపాన్ టైకో, సినిమాలో యుద్ధం సీన్ వెనక వచ్చే మోత, అన్నీ ఒకే పేరు కింద పడేసి ఉంటాయి. ఒక కాలేజీ ఫెస్టులో థింసా అని అనౌన్స్ చేసి అలాంటి ట్రాక్ మీదే డాన్స్ వేయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం అడుగు పడలేదు. థింసాలో ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని ఆడతాం కదా, తుడుము దెబ్బ ఎక్కడ పడుతుందో అక్కడే కాలు పడాలి. ఆ ట్రాక్‌లో ఆ దెబ్బే లేదు.

అందుకని మా మాట ఇది: కిట్ వాడదాం, కానీ మన సౌండ్లతో. హైడ్రోజన్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది. అందులో సొంత రికార్డింగులు ఎక్కించుకోవచ్చు, మెల్లగా కొడితే ఒకటి, గట్టిగా కొడితే ఇంకొకటి మోగేలా పొరలు పెట్టుకోవచ్చు. డప్పుకి నడిమి దెబ్బ, అంచు దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా తీయాలి. ఒక్కోటి మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా, మళ్లీ ఒక్కో రకం నాలుగైదు సార్లు. ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ మోగితే మిషన్ కొట్టినట్టే ఉంటుంది. ఫోన్‌తో తీసినా పర్లేదు, వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి. కొట్టిన తర్వాత సౌండ్ ఆలస్యంగా వస్తోందని కొందరు కంప్లైంట్ చేశారు. అది చాలాసార్లు సెట్టింగు వల్లే. బఫర్ 1024లో ఉంటే ఆ ఒక్కదానికే సుమారు 23 మిల్లీసెకన్లు పోతాయి, 128కి తగ్గిస్తే 3 లోపే. విండోస్ అయితే ఏసియో డ్రైవర్ వేసుకోండి.

ఇలగ చేస్తే తుడుము కొట్టే తాతలు అక్కర్లేదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. డప్పుని మంట దగ్గర కాస్తారు, తోలు బిగుస్తుంది, గంట తర్వాత వదులవుతుంది, మళ్లీ కాస్తారు. మన రికార్డింగులో ఆ గంటల్లో ఒక్క నిమిషమే ఉంటుంది. పైగా తాత ఆడేవాళ్ల కాళ్లు చూసి వేగం మారుస్తాడు. ప్యాడ్ దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న మనం ఎవరి కాళ్లు చూస్తాం? రాత్రి పదింటికి వార్డెన్‌కి వినపడకుండా ప్రాక్టీసు చేసుకోడానికి, పాట రికార్డింగు చేసుకోడానికి కిట్ బంగారం. పెళ్లికి, ఇటుకుల పండక్కి, మోదకొండమ్మ జాతరకి తాతే రావాలి. డీజే వచ్చాక ఆయనకి పిలుపులు ఎలా తగ్గాయో మనకి తెలుసు. ఆయన దెబ్బలనే కంప్యూటర్లో పెట్టి ఆయన కూలి మనమే తీసేస్తే, డీజే వాడికీ మనకీ తేడా ఏటి?

డబ్బుల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. తాతకి చెప్పకుండా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం సరికాదు. కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ చట్టం పాములాడించేవాణ్ణి కూడా కళాకారుడిగా లెక్కేసింది, తుడుము కొట్టేవాణ్ణి వదిలేయదు కదా. కాబట్టి ముందు అడగాలి, ఆ రోజు కూలి ఇవ్వాలి, ఫైల్ మీద ఆయన పేరు, ఊరి పేరు రాయాలి. ఏ దెబ్బ దేవుడి దగ్గర తప్ప కొట్టకూడదో ఆయన్నే అడగాలి. కొట్టకూడదంటే రికార్డు చెయ్యం, అంతే.

ఆలస్యం చేసే టైం కూడా లేదు. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2025లో ఆయన పోయారు. పద్మశ్రీ రాని తాతలు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క ఎవరు రాస్తున్నారు?

ఆగస్టు 9కి మా ప్రతిపాదన: థింసాకి తుడుము, డప్పు, మోరి వాయించే పెద్దలనే పిలుద్దాం. బస్సు ఛార్జీ, కూలి చందా నుంచి ఇద్దాం. కిట్ మన కుర్రాళ్లు రాసుకున్న కొత్త పాటలకి పెడదాం. వచ్చిన పెద్దలు ఒప్పుకుంటే మర్నాడు పొద్దున్న హాస్టల్లోనే రికార్డింగు పెట్టుకుందాం. ఫ్యాన్లు ఆపేయాలి, గది ఖాళీగా ఉంటే మోత తిరగబడుతుంది కాబట్టి గోడలకి దుప్పట్లు కట్టాలి. దుప్పట్లు మా దగ్గర ఉన్నాయి. మంచి మైక్ ఉన్నవాళ్లు, మీ ఊళ్లో తుడుము కొట్టే పెద్దాయన ఎవరో తెలిసినవాళ్లు కింద కామెంట్‌లో చెప్పండి. ఆయన్ని అడిగాకే పేరు పెట్టండి.