రేపటి ఆటలో మనవాళ్ళు గెలుస్తారా?



ఈ ఉత్తరం రాత్రి తొమ్మిది గంటలకు కూర్చుని రాస్తున్నాను. రేపు సాయంత్రం మా గోదావరిఖనిలో ఫుట్‌బాల్ ఆట ఉన్నది. మా ఊరి కళాశాల జట్టు, కరీంనగరం నుంచి వచ్చే ఒక కళాశాల జట్టుతో ఆడబోతున్నది. పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆ ఆట ముగిసి చాలా రోజులై ఉంటుంది. మా ఊరి పిల్లలకు ఫలితం తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఇప్పుడు తెలియదు. కాబట్టి నా అంచనా తప్పయితే మీరు హాయిగా నవ్వుకోవచ్చు.

ఇవాళ సాయంత్రం మా వీధి పిల్లలు ఐదారుగురు మా అరుగుమీద చేరారు. “సార్, రేపు మనోళ్ళు గెలుస్తరా?” అని ఒకడు అడిగాడు.

నేను నోరు తెరిచేలోగానే ఇంకొకడు, “ఏం గెలుస్తరు సార్! గోల్‌ల గా అన్ననే ఉంటడట. మొన్న కాళ్ళ సందులకెళ్ళి బంతి పోనిచ్చిండు గదా! ఓడుడే!” అన్నాడు. అందరూ పకపక నవ్వారు.

“గా అన్న” అంటే కళాశాల జట్టు గోల్‌కీపరు. నా దగ్గర చదువుకున్నవాడే. వాళ్ళ నాన్న బాయి పనికి పోతాడు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. పిల్లలు నవ్వుతూ ఉండగానే ఆ అబ్బాయి సైకిలుమీద మా ముందునుంచి వెళ్ళాడు. నవ్వు విన్నాడో లేదో నాకు తెలియదు. కాని ఎప్పుడూ “నమస్తే సార్” అనేవాడు, ఇవాళ అనలేదు.

అందుకని రేపటి ఆట సంగతి గోల్‌కీపరుతోనే మొదలుపెడతాను.

గోలు స్తంభాల మధ్య దూరం ఎంతో మీకు తెలుసా? 7.32 మీటర్లు. ఎత్తు 2.44 మీటర్లు. ఈ రెండూ హెచ్చవేసి చూడండి. సుమారు 18 చదరపు మీటర్లు వస్తుంది. ఒక చిన్న గది నేలంత జాగాను ఒక్క మనిషి కాపాడాలి! పెనాల్టీ కొట్టేవాడు 11 మీటర్ల దూరంలో నిలబడతాడు. వాడు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో బంతిని తన్నాడనుకోండి. అంటే సెకండుకు 25 మీటర్లు. బంతి గోలు చేరటానికి అర సెకండు కూడా పట్టదు. అందులో, బంతి ఎటు వస్తున్నదో కన్ను చూసి, మెదడు గ్రహించి, ఒళ్ళు కదలటానికే సుమారు సెకండులో ఐదోవంతు పోతుంది. మిగిలిన కాలంలో అతడు గాలిలోకి దూకాలి.

మొన్నటి గోలు నేను కళ్ళారా చూశాను. బంతి తన్నినప్పుడు మన అబ్బాయికి ముందు ముగ్గురు ఆటగాళ్ళు అడ్డంగా ఉన్నారు. వాళ్ళ కాళ్ళు దాటి వచ్చిన తరువాతగాని బంతి అతనికి కనపడలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు మనవాళ్ళే. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు!

అయితే మన అబ్బాయిలో లోపం లేదని నేను అనను. అతడు గోలు గీతకు అతుక్కుపోతాడు. అది ఎందుకు తప్పో తెలియాలంటే, కరెంటు పోయినప్పుడు ఒక పని చేయండి. కొవ్వొత్తి వెలిగించి, మీ అరచేతిని గోడకు దగ్గరగా పెట్టండి. నీడ అరచేయంతే పడుతుంది. చేతిని మెల్లగా కొవ్వొత్తివైపు జరపండి. నీడ పెరిగి పెరిగి గోడనంతా కప్పేస్తుంది. బంతి తన్నేవాడు కొవ్వొత్తి, గోలు గోడ, గోల్‌కీపరు మీ అరచేయి. సమయం చూసి నాలుగడుగులు ముందుకు వస్తే అవతలివాడికి గోలు చిన్నదైపోతుంది. కాని బంతి తలమీదుగా పోతుందేమో అనే జంకు ఉన్నవాడు ముందుకు రాలేడు. మన అబ్బాయికి ఆ జంకు మొన్నటినుంచి మరీ ఎక్కువయింది. దాన్ని పెంచినవాళ్ళలో మా అరుగుమీద నవ్వినవాళ్ళూ ఉన్నారు.

ఈ మాట అనటానికి నాకు పెద్ద హక్కేమీ లేదు. చాలా ఏళ్ళ కిందట నేను హెడ్‌మాస్టరుగా ఉన్న ఒక బడి జట్టు ఫైనలుకు వచ్చింది. ముందురోజు ప్రార్థన సమయంలో పిల్లలందరి ఎదుట, “రేపు కప్పు మనదే! లడ్డూలు కూడా చెప్పి ఉంచాను,” అన్నాను. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. మరునాడు లడ్డూలు వచ్చాయి. పాడైపోతాయి గదా అని పంచిపెట్టించాను. ఆ గోలు పోనిచ్చిన బ్యాకు ఆటగాడు తన లడ్డూను తినకుండా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఏడు వాడు మళ్ళీ బంతి ముట్టలేదు.

మరి ఆటకు ముందు అంచనా వేయటమే తప్పా? అదేం కాదు. ఆటంటే ఇష్టం ఉన్నవాడు అంచనా వేయకుండా ఎట్లా ఉంటాడు? కాని దేన్ని చూసి అంచనా వేయాలో తెలియాలి.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన దేశపు జట్టు ఫైనలుకు వచ్చింది. అవతలి జట్టు దక్షిణ కొరియా. మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించినవాళ్ళు వాళ్ళే. మన బ్యాకు ఆటగాడు జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. స్టేడియంలో జనమంతా మనకు వ్యతిరేకంగా కేకలు పెడుతున్నారు. ముందురోజు మీరే అక్కడ ఉంటే “ఓడుడే!” అని ఉండేవారు, అవునా?

ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాదువాడు. నావంటి బడిపంతులే! ఆయన తయారుచేసిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశాన్ని నాలుగో స్థానానికి చేర్చినదీ ఆయనే. జకార్తాలో ఆయన ఏం చేశాడంటే, కుట్లతో ఉన్న ఆ జర్నైల్ సింగును వెనకనుంచి తీసి ముందు వరసలో నిలబెట్టాడు. ఫైనలులో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనకు వచ్చింది. ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సరుతో కన్నుమూశాడు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు.

రహీం పిల్లలకు వింత వింత పోటీలు పెట్టేవాడు. ఒకదానిలో వాటంలేని కాలితోనే బంతి తన్నాలి. ఇంకొకదానిలో బంతిని అట్టిపెట్టుకొని డ్రిబ్లింగు చేయకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఈ రెండూ గుర్తు పెట్టుకొని మన కళాశాల జట్టును చూద్దాం.

మన ముందు వరసలోని వాళ్ళందరూ కుడికాలివాళ్ళే. ఎడమ అంచున ఆడేవాడు బంతిని కుడికాలికి తెచ్చుకొనేసరికి అవతలి బ్యాకులు వచ్చి నిలబడుతున్నారు. ఇది కరీంనగరంవాళ్ళకు తెలియకపోదు. కాని మనవాళ్ళు బంతిని దాచుకోరు, చకచకా అందిస్తారు. ఊపిరి కూడా ఉన్నది. తెల్లవారుజామున నేను నడకకు వెళ్ళినప్పుడల్లా మైదానం చుట్టూ పరుగెత్తుతూ కనిపిస్తారు. ఇంకొక చిన్న లాభం. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు మోత వినపడితే అలవాటు లేనివాళ్ళు ఉలిక్కిపడతారు, మనవాళ్ళు తల కూడా తిప్పరు. అయితే దీన్ని గోలు కింద కట్టటానికి వీల్లేదనుకోండి.

నా అంచనా ఇది. మొదటి సగంలో వాళ్ళు ఒక గోలు కొడతారు. రెండో సగంలో వాళ్ళు అలసిపోయాక మనవాళ్ళు ఒకటి కొడతారు. 1-1. ఈ మాట చెపితే పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. మన అబ్బాయి గీత వదిలి ముందుకు వస్తే ఆ మొదటి గోలు కూడా పడకపోవచ్చు. మొదటి షిఫ్టు దిగి వాళ్ళ నాన్న నేరుగా మైదానానికే వస్తానన్నాడు.

నేను మన గోలు వెనకాల నిలబడతాను. సగం ఆట అయ్యాక ఆ చివరికి నడవాలి, మోకాళ్ళ నొప్పులు ఉన్నా తప్పదు. “ఓడుడే” అన్న పిల్లవాణ్ణి కూడా నాతో రమ్మన్నాను.

“గాడ నిలబడితే ఏం కనబడది సార్!” అన్నాడు.

“నీళ్ళ సీసా పట్టుకొనేవాడు కావాలిరా,” అన్నాను.

“నాకా, అన్నకా?”

“అన్నకు.”

వాడు కొంచెంసేపు ఆలోచించి, వస్తానన్నాడు.