అడవిలో ఆపద వస్తే కబురు ఎలా చేరుతుంది?

గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఆమె పెద్దకొడుకు కువైట్‌లో డ్రైవరు. భర్త ఇక్కడే లంకమల అంచున జీవాలు మేపుతారు. "టవరు లేని ఎడారిలో గూడా పలికే ఫోను ఉందంట సార్. సెలవుకు వచ్చేటప్పుడు వాళ్ళ నాయనకు ఒకటి తెచ్చానంటాండాడు. తెమ్మని చెప్పేదా, వద్దా?" అని అడిగారు.

ఆమె ఊరికే అడగలేదు. రెండేళ్ళ క్రితం వానకాలంలో ఆమె భర్త కోనలో రాతి మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. వెంట ఉన్న పిల్లవాడు సిగ్నలు అందే బండ దాకా నడిచిపోయి ఫోను చేసేసరికి చీకటి పడింది. మనుషులు వెతుక్కుంటూ పోయి, మంచం మీద మోసుకొని కిందికి దింపేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. దేవుని కృప వల్ల ప్రాణం దక్కింది. కాలు మాత్రం కొంచెం పొట్టిదై మిగిలింది.

అయినా మేము ఆమెతో "వద్దమ్మా, తెమ్మని చెప్పవద్దు" అన్నాము. ఆమె ముఖం చిన్నబోయింది. ఎందుకు వద్దన్నామో, అంతటితో ఊరుకోకుండా మనమందరం ఏమి కోరాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ యంత్రం ఏమిటి?

మన చేతిలోని మామూలు ఫోను దగ్గరలోని టవరుతో మాట్లాడుతుంది. కొండ అడ్డం వస్తే మూగబోతుంది. శాటిలైట్ యంత్రం నేరుగా ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఇరిడియం అనే సంస్థ భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున 66 ఉపగ్రహాలను తిప్పుతూ ప్రపంచమంతటికీ ఈ సేవ అందిస్తోంది. విదేశాలలో కొండలెక్కేవారు గార్మిన్ ఇన్‌రీచ్ వంటి చిన్న యంత్రాలను నడుముకు తగిలించుకొని పోతారు. వాటిలో కొన్ని గుప్పిట్లో ఇమిడేంత చిన్నవి, 100 గ్రాముల బరువు ఉంటాయి. ఆపద వస్తే మీట నొక్కాలి. మనిషి ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా సహాయ కేంద్రానికి చేరుతుంది. అక్కడివారు స్థానిక రక్షణ బృందానికి కబురు పెడతారు.

ఇది మంత్రదండం కాదు. ఆకాశం బాగా కనిపించాలి. ఇరుకు కోనలో, దట్టమైన చెట్ల కింద సందేశం పోవడానికి ఆలస్యం కావచ్చు. బ్యాటరీ అయిపోతే వట్టి ప్లాస్టిక్ ముక్క. నెలనెలా చందా కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, అటువైపు కబురు అందుకొని కదిలే మనుషులు ఉండాలి.

తెస్తే ఏమవుతుంది?

మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను వాడడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. అనుమతి లేని వైర్‌లెస్ యంత్రాన్ని ఉంచుకోరాదన్న నియమం 1933 నాటి చట్టం నుంచీ ఉంది. 2008లో ముంబయిపై దాడి చేసినవారు శాటిలైట్ ఫోను వాడినట్టు తేలాక పట్టు మరింత బిగిసింది. గల్ఫ్‌లో దుకాణంలో దొరికే తురాయా ఫోనుకు కూడా ఇక్కడ అనుమతి లేదు. మాట్లాడే ఫోనే కాదు, సందేశం పంపే చిన్న యంత్రానికీ ఇదే నియమం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇన్‌రీచ్ యంత్రం ఉన్నందుకు ఒక విదేశీ మహిళను అదుపులోకి తీసుకున్నారు. ఆమె దానిని దాచలేదు, తనిఖీ పెట్టెలో అందరికీ కనబడేలా పెట్టింది. తెలియక తెచ్చానంటే సరిపోలేదు.

మన ప్రాంతం నుంచి వేలమంది గల్ఫ్ దేశాలకు వెళ్ళి వస్తున్నారు. కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. నాయన మీద ప్రేమతో తెచ్చిన వస్తువు కొడుకును పోలీసు స్టేషనుకు, కోర్టుకు తిప్పవచ్చు. తిరిగి కువైట్‌కు పోవడం కూడా కష్టం కావచ్చు. దయచేసి ఎవరూ తెప్పించుకోవద్దు.

అనుమతితో దొరికే మార్గం ఒకటి ఉంది. 2017లో బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ ఇన్మార్‌శాట్ ఉపగ్రహాల ద్వారా ఫోను సేవ మొదలుపెట్టింది. అయితే అది మొదట ప్రభుత్వ శాఖల కోసం వచ్చింది. దాని ఖర్చు గానీ, అనుమతుల కాగితాలు గానీ జీవాలు మేపే కుటుంబానికి అందేవి కావు.

ప్రభుత్వం ఇంత కట్టడి పెట్టడంలో అర్థం లేకపోలేదు. నల్లమలలో తుపాకులు మోగిన రోజులు మన పెద్దలకు గుర్తున్నాయి. ఎర్రచందనం దొంగల చేతికి ఇలాంటి ఫోను చిక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. భద్రత మాట మేము కాదనడం లేదు.

మన అడవి సంగతి

కానీ మన అడవి సంగతి కూడా ఆలోచించాలి. బద్వేలుకు ఒకవైపు లంకమల, ఇంకొకవైపు వెలిగొండలు. ఉత్తరాన నల్లమల. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986 జనవరిలో మన రెడ్డిపల్లె దగ్గరే మళ్ళీ దొరికింది. ఒక పక్షిని 86 ఏళ్ళు లోకానికి కనబడకుండా దాచిన అడవి ఇది.

ఆ పెద్ద విషాదం ఎవరూ మరచిపోలేదు. మన జిల్లా బిడ్డ, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేసిన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2009 సెప్టెంబరు 2న ఉదయం హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. గంటలోపే సంబంధం తెగిపోయింది. వాయుసేన విమానాలు, ఇస్రో, వేలాది పోలీసులు వెతికితే మరునాడు ఉదయానికి గానీ నల్లమలలోని పావురాలగుట్ట మీద శకలాలు కనబడలేదు. అందులోని ఐదుగురూ మరణించారు. చోటు ముందే తెలిసి ఉంటే ప్రాణాలు దక్కేవని మేము అనడం లేదు. ముఖ్యమంత్రి కోసం దేశమంతా వెతికినా అడవి ఒక పగలూ ఒక రాత్రీ జవాబు చెప్పలేదే, మరి ఒక కాపరి కోసం, సీతాఫలాలకు పోయిన ఒక అవ్వ కోసం అదే అడవి ఎన్నాళ్ళు తీసుకుంటుందని అడుగుతున్నాము.

మన దగ్గర అడవికి పోయేవారు సరదాకు పోయేవారు కారు. జీవాల వెంట పోతారు. చీపురుపుల్లలకు, తేనెకు, సీతాఫలాలకు పోతారు. శివరాత్రికి, కార్తీకమాసంలో లంకమలేశ్వరుని దర్శనానికి వందలమంది నడిచి పోతారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర అడవిదారిలో పోతున్న భక్తులపై ఏనుగులు దాడి చేసి ప్రాణాలు తీశాయి. ఎవరు ఏ గుడికి పోతున్నారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. గాయపడినవాడు ఎవడైనా మనకు పొరుగువాడే.

ఆసుపత్రిలో మేము రోజూ చూసేది ఆలస్యాన్నే. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. మందు లేక పోయినవారికంటే మందు దగ్గరకు సమయానికి చేరలేక పోయినవారే మా కళ్ళముందు ఎక్కువ. రక్తపింజర కాటుకు విరుగుడు ఆలస్యమైతే రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, మూత్రపిండాలు చెడిపోతాయి. కట్లపాము కాటుకు ఊపిరి ఆగుతుంది. తొందరగా వస్తే లేచి నడిచిపోయే మనిషే, ఆలస్యంగా వస్తే మంచం దిగడు.

సముద్రానికి ఉన్నది అడవికి ఎందుకు లేదు?

మనం అడగవలసిన ప్రశ్న ఇదే. ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపడం మన దేశానికి కొత్త కాదు. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి కాస్పాస్-సార్‌శాట్ అనే ఏర్పాటుకు పూనుకున్నాయి. ఒకరినొకరు నమ్మని ఆ రోజుల్లో కూడా ప్రాణం కాపాడే పనికి చేతులు కలిపాయి. 1982లో కెనడా కొండల్లో కూలిన ఒక చిన్న విమానంలోని ముగ్గురిని సోవియట్ ఉపగ్రహం అందించిన సంకేతంతో కాపాడారు. భారతదేశం కూడా ఈ ఏర్పాటులో చేరింది. మన కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో రాత్రింబవళ్ళు పనిచేస్తోంది.

అంతకంటే మనకు దగ్గరి ఉదాహరణ జాలరులది. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత యంత్రం 2010 నుంచి వాడుకలో ఉంది. మీట నొక్కితే పడవ ఏదో, ఎక్కడ ఉందో బెంగళూరు కేంద్రానికి తెలుస్తుంది. అక్కడినుంచి తీరరక్షక దళానికి పోతుంది. 2024 జనవరి నాటికి 20,000కు పైగా యంత్రాలు వాడుకలో ఉన్నాయని ఇస్రో ప్రకటించింది. అప్పుడు విడుదల చేసిన రెండవ తరం యంత్రంలో ఇంకో మేలు ఉంది. "మీ కబురు అందింది" అని జాలరికి తిరిగి జవాబు వస్తుంది. మొబైలుకు కలుపుకుంటే తన భాషలోనే చదువుకోవచ్చు. ఆపదలో ఉన్నవానికి ఆ జవాబు ఎంత ధైర్యమో రోగుల పక్కన కూర్చునేవారికి తెలుసు.

గమనించండి. ఇది ఊసులాడుకునే ఫోను కాదు. ఎవరు, ఎక్కడ, ఆపద అన్న సంగతి మాత్రమే పోతుంది. అదీ మన ప్రభుత్వ కేంద్రానికే పోతుంది. ప్రతి యంత్రానికీ గుర్తింపు ఉంటుంది. దొంగ దీనిని నొక్కితే తానున్న చోటు తానే చెప్పుకున్నట్టవుతుంది. కాబట్టి శాటిలైట్ ఫోనుకు చెప్పే అభ్యంతరం దీనికి వర్తించదని మా అభిప్రాయం.

కడలి మీది జాలరికి ఇచ్చినదానిని కొండ మీది కాపరికి కూడా ఇవ్వవచ్చు. ఇంటింటికీ ఇవ్వమని మేము కోరడం లేదు. అటవీ చెక్‌పోస్టు దగ్గర కొన్ని ఉంచితే చాలు. అడవికి పోయే జట్టు పుస్తకంలో పేర్లు రాసి ఒకటి తీసుకుపోయి, దిగివచ్చాక అప్పగిస్తుంది. తిరునాళ్ళ రోజుల్లో దారి పొడవునా వాలంటీర్ల చేతికి ఇవ్వవచ్చు. కబురు 108కి, అటవీ సిబ్బందికి, దగ్గరి ఆసుపత్రికి ఒకేసారి చేరాలి. ఆ చివరి ఏర్పాటు లేకుండా యంత్రాలు పంచితే డబ్బు దండగ. ఈ మేరకు ఒక వినతిపత్రం రాస్తున్నాము. సంఘ పెద్దలు, ఊరి పెద్దలు, ఏ మతం వారైనా చదివి, నచ్చితే సంతకం చేయండి.

అంతవరకు మనం చేయవలసినవి

1. ఒంటరిగా పోవద్దు. ఏ కోనకు, ఏ దారిన పోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. చెప్పిన వేళ దాటితే ఎవరిని పిలవాలో కూడా ముందే అనుకోండి.

2. ఫోను నిండా ఛార్జి పెట్టుకోండి. లోపలికి పోయాక ఊరికే సిగ్నలు వెతుకుతూ బ్యాటరీ తినకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సిగ్నలు అందే బండలు, మిట్టలు ఎక్కడున్నాయో పిల్లలకు చూపించండి.

3. మీ కంపెనీ టవరు లేకపోయినా 112కు ప్రయత్నించండి. వేరే కంపెనీ టవరు అందితే ఆ కాల్ పోతుంది. మాట పోని చోట ఒక్కోసారి మెసేజి పోతుంది.

4. ఫోనులో జి.పి.ఎస్. పనిచేయడానికి టవరు అక్కరలేదు. మీరున్న చోటు అంకెలు చూడడం ఇంట్లో చదువుకున్న పిల్లలను అడిగి నేర్చుకోండి. సహాయానికి పోయేవారి చేతికి ఆ అంకెలు రాసివ్వండి.

5. పాము కరిస్తే కోయవద్దు, పీల్చవద్దు, తాడుతో బిగించవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు కట్టండి. నడిపించకుండా మోసుకురండి. మంత్రం దగ్గర ఆగవద్దు. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

6. ఒక విజిల్, ఒక టార్చి, రెండు సీసాల నీళ్ళు సద్దిమూటతో పాటు ఉంచండి. విజిల్ ఊదే ఓపిక అరిచే ఓపిక కంటే ఎక్కువసేపు ఉంటుంది.

నూరు గొర్రెల కాపరి కథ మన పిల్లలకు కూడా తెలుసు. ఒకటి తప్పిపోయిందని అతనికి ఎలా తెలిసింది? సాయంకాలం లెక్కపెట్టుకున్నాడు కాబట్టి తెలిసింది. యంత్రం వచ్చేలోగా ఆ లెక్క మన ఇళ్ళలో, మన వీధుల్లో మొదలుకావాలి. పొద్దు గూకాక పక్కింటి కాపరి ఇల్లు చేరాడా అని ఒక్కమారు అడగండి.

ఆ తల్లికి ఇదంతా చెప్పాము. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అయితే ఫోను వద్దులే సార్, విజిల్ తెమ్మంటా" అని నవ్వారు. వినతిపత్రం మీద మొదటి సంతకం ఆమెదే.

— సంపాదక వర్గం