అంకె బెంగుళూరు పోయింది

మొన్న అనంతపురం వైపు వెళ్లినప్పుడు ఒక పల్లెలో సేవా కేంద్రం అరుగుమీద గంటసేపు కూర్చోవలసి వచ్చింది. నాకంటె ముందు ఒక ముసలమ్మ ఉంది. రెండెకరాల్లో చెనిక్కాయ వేసిందట; అదేనండీ, మన వేరుసెనగ. ఆ సంగతి ప్రభుత్వంవారి కంప్యూటరులో ఎక్కాలి. ఎక్కకపోతే వాన తప్పిన ఏడు బీమా అందదు, పరిహారమూ అందదు. ఆ సీమలో వాన తప్పని ఏడు ఏదో పంచాంగకర్తలే చెప్పాలి!

"ఏలు పెట్టవ్వా" అన్నాడు కుర్రవాడు. పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. నలభై ఏళ్లు కలుపు తీసి, కాయలొలిచిన వేలాయె. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"అయితే ఫోనుకు ఆరంకెలొస్తాయి, చెప్పు."

ఫోను బెంగుళూరులో ఉంది, బేల్దారి పనికి పోయిన కొడుకు జేబులో. అంకె అక్కడికి వెళ్లింది. అతడు పరంజా దిగి, చూసి, తిరిగి చెప్పేలోగా గడువు దాటింది. మూడుసార్లూ ఇదే తంతు.

"సాయంత్రం పని దిగినంక చెప్తాడులే నాయనా."

"అప్పటికి మేం మూసేస్తామవ్వా!"

ఆ పేజీ తయారుచేసినవారు తెలివితక్కువవారు కారు సుమండీ. వారి బల్లమీద అది చక్కగానే పనిచేసి ఉంటుంది. వేలూ వారిదే, ఫోనూ వారిదే కదా!

దీనికి పెద్ద ఖర్చులేని మందొకటి ఉంది. ఆ పేజీని ఎన్నడూ చూడని మనిషిని కూర్చోబెట్టి, "ఈ పని చేయండి" అని అప్పగించి, పక్కన కూర్చుని చూడటం. చూడటమే! "అక్కడ నొక్కండి" అనకూడదు. కొత్తకోడలు వంటచేస్తుంటే అత్తగారు నోరు మెదపకుండా ఉండటం ఎంత కష్టమో ఇదీ అంతే. ఎక్కడ ఆగారో, ఎక్కడ నుదురు చిట్లించారో వ్రాసుకుని, దిద్ది, మళ్లీ కొత్తవారిని పిలవాలి. యాకబ్ నీల్సన్ అనే డెన్మార్కు నిపుణుడు, విడతకు అయిదుగురు చాలు, తప్పుల్లో చాలాభాగం బయటపడుతుందని 2000లో వ్రాశాడు. అయితే వాడేవారు వేరువేరు రకాలవారైతే ప్రతి రకంనుంచీ కొందరిని పిలవాలన్నాడు. అసలు కీలకం అక్కడే ఉంది.

మన రాష్ట్రంలో 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మంచిదే. మన ఇళ్లలో పిల్లలున్నారు, చిటికెలో చేసిపెడతారు. పిల్లలు వలసపోయిన ఇంట్లో ఎవరు చేస్తారు?

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న సాక్షాత్తూ ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రారంభోత్సవానికి దొరికిన దారి పరీక్షకు దొరక్కపోదు. వేలు అరిగినవారొకరు, ఫోను కొడుకు దగ్గరున్నవారొకరు, అక్షరం రానివారొకరు చాలు, పదిరోజుల పని.

నేను లేచి వచ్చేటప్పటికి ముసలమ్మ ఇంకా అరుగుమీదే ఉంది. కొడుకు మధ్యాహ్నం అన్నానికి దిగుతాడట.