డిశ్చార్జి అయ్యాకే అసలు చికిత్స

నడుం ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇంటికొచ్చే రోజు ఏ తెలుగింట్లో చూసినా ఏర్పాట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు గదిలోకి మంచం లాగుతారు. మెత్తగా ఉండాలని పరుపు మీద పరుపు వేస్తారు. తలవైపు స్టూలు మీద మాత్రల కవరు, మంచినీళ్ల సీసా, గోడకు ఆనించి ఎమ్మారై ఫిల్ముల సంచి. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టం పళ్లు అక్కడ పెట్టి చెప్పేదీ ఒకటే: ‘మూడు నెలలు మంచం దిగకు.’

ఆ మాట ప్రేమతోనే చెబుతారు. ఆపరేషన్ బాగా జరిగిన మనిషిని మళ్లీ రోగిని చేసేది మాత్రం చాలాసార్లు ఆ మంచమే.

డిస్కు జారి, నరం నలిగి, కాలు లాగేసే సయాటికా చాలామందికి ఆపరేషన్ అవసరం లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గనివాళ్లకు, కాలు బలహీనపడుతున్నవాళ్లకు ఆపరేషన్ చేస్తారు. జారిన డిస్కు ముక్కను మాత్రమే తీసే మైక్రోడిసెక్టమీ అయితే చాలామందిని అదే రోజో మర్నాడో లేపి నడిపిస్తారు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసల్ని కలిపే ఫ్యూజన్ అయితే ఇంకొన్ని రోజులు ఉంచుతారు. థియేటర్‌లో పని గంటల్లో అయిపోతుంది. లోపల గాయం మానడానికి వారాలు కావాలి. ఫ్యూజన్‌లో ఎముక అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. అంటే కోలుకునే కాలంలో నూటికి తొంభై పాళ్లకు పైగా గడిచేది ఇంట్లోనే. ఆస్పత్రి ప్యాకేజీ, బీమా, డాక్టరు సలహా మాత్రం ఆస్పత్రి గేటు దగ్గరో, దాన్ని దాటిన కొద్ది రోజులకో ఆగిపోతున్నాయి. ఈ పద్ధతి మారాలి. ఇంట్లో కోలుకోవడాన్ని కూడా చికిత్సలో భాగంగా లెక్కించి, దానికి మనిషిని, డబ్బును, కాగితాన్ని కేటాయించాలి.

మంచం పట్టించే అలవాటు ఒక్క తెలుగువాళ్లదే కాదు. జారిన డిస్కు వల్ల కాలు లాగుతుందని, దాన్ని ఆపరేషన్‌తో సరిచేయవచ్చని అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో ప్రకటించాక, దశాబ్దాల పాటు అక్కడా రోగుల్ని వారాల తరబడి పడుకోబెట్టేవారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచం మీద ఉండిపోవడం వల్ల వచ్చే ముప్పుల్ని ఒక్కొక్క అవయవం పేరునా రాసుకుంటూ వెళ్లాడు. కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, కండ కరుగుతుంది, మలబద్ధకం వస్తుంది, మనసు కుంగుతుంది అని హెచ్చరించాడు. కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణమే పోవచ్చు.

1999లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సర్జన్ యూజీన్ కారగీ బృందం మరో అడుగు వేసింది. డిస్కు ఆపరేషన్ అయినవాళ్ల మీద ఆంక్షలు పెట్టకుండా, వీలైనంత త్వరగా మామూలు పనుల్లోకి వెళ్లమంది. వాళ్లు త్వరగానే ఉద్యోగాల్లోకి తిరిగివెళ్లారు, దానివల్ల ప్రత్యేకంగా నష్టం కనపడలేదు. పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన 2014 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, డిస్కు ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకు వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు, ఏ వ్యాయామమూ చేయనివాళ్ల కంటే నొప్పి, ఇబ్బంది త్వరగా తగ్గాయి. వ్యాయామం వల్ల రెండో ఆపరేషన్లు పెరిగిన దాఖలా కూడా లేదు.

అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెనడీ నడుం కథ ఈ మార్పుకు మంచి ఉదాహరణ. 1954 అక్టోబరులో సెనేటర్‌గా ఉండగా ఆయనకు ఫ్యూజన్ చేసి లోహపు పలక అమర్చారు. చీము పట్టి ప్రాణం మీదికొచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఆ పలక తీసేశారు. ఫ్లోరిడాలోని తండ్రి ఇంట్లో నెలల తరబడి కోలుకుంటూ, పడకలోనే ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ పుస్తకం మీద పనిచేశారు. 1957లో దానికి పులిట్జర్ వచ్చింది. నొప్పి మాత్రం పోలేదు. 1961లో హాన్స్ క్రౌస్ అనే వైద్యుడు వైట్‌హౌస్‌కు వచ్చి, అధ్యక్షుడి కండరాలు బిగుసుకుపోయి, బలం కోల్పోయాయని గుర్తించి, వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడం మొదలుపెట్టాడు. కొన్ని నెలల్లోనే తేడా తెలిసింది. అంతకుముందు జరిగిన మొత్తం నాలుగు ఆపరేషన్లు ఇవ్వని ఉపశమనం ఆ కసరత్తు ఇచ్చింది.

క్రికెట్ చూసేవాళ్లకు జస్‌ప్రీత్ బుమ్రా గుర్తుంటాడు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో అతని నడుముకు శస్త్రచికిత్స జరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఐర్లాండ్ మీద భారత జట్టు కెప్టెన్‌గా మళ్లీ బంతి పట్టాడు. మధ్యలో అయిదు నెలలు. బెంగళూరులోని నేషనల్ క్రికెట్ అకాడమీలో అడుగడుగునా ఫిజియోలు, ట్రైనర్లు పక్కనున్నారు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీకీ నడుమే జీవనాధారం. 50 కిలోల సిమెంటు బస్తా మోసే కూలీకీ, రోజంతా గుంతల్లో ఆటో నడిపే మనిషికీ అంతే. ఆపరేషన్ వాళ్లకూ మంచి ఆస్పత్రిలో, మంచి సర్జన్ చేతుల మీదుగానే జరగవచ్చు. ప్రభుత్వ పథకం ఖర్చు పెట్టుకోవచ్చు. ఇంటికొచ్చాక పక్కనుండేది మాత్రం భార్య, తల్లి, పొరుగింటి మనిషి. వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు.

మంచం మీంచి లేపడమే చూడండి. పడుకున్న మనిషి రెండు చేతులూ పట్టుకుని ముందుకు లాగి కూర్చోబెడతారు. బరువంతా కుట్ల మీద, ఇంకా మానని డిస్కు మీద పడుతుంది. మనిషి కెవ్వుమంటాడు, అందరూ బెదిరిపోయి ‘అందుకే లేవొద్దన్నాం’ అంటారు. సరిగ్గా లేపే పద్ధతి రెండు నిమిషాల్లో నేర్పవచ్చు. ముందు మోకాళ్లు మడవాలి. భుజాలు, తుంటి ఒకేసారి తిరిగేలా దుంగ దొర్లినట్టు పక్కకు ఒత్తిగిలాలి. కాళ్లు మంచం అంచు మీంచి కిందికి జార్చాలి. అదే సమయంలో కింద ఉన్న మోచేత్తో, పైచేతి అరచేత్తో మంచాన్ని నొక్కి లేవాలి. కాళ్ల బరువు దిగుతుంటే మొండెం దానంతట అదే లేస్తుంది, నడుం మెలిపడదు. సాయం చేసేవాళ్లు భుజం వెనక చెయ్యి ఆనిస్తే చాలు. కుంగిన నులక మంచం మీద, పరుపు మీద పరుపు వేసిన చోట ఇది కుదరదు. గట్టి పరుపు, మోకాలి ఎత్తు మంచం కావాలి.

తర్వాతి గండం మరుగుదొడ్డి. గొంతుక్కూర్చోవడం తొలి వారాల్లో వద్దంటారు. పాశ్చాత్య కమోడ్ లేని ఇళ్లలో ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోసి సర్దుకుంటున్నారు. ఆ కుర్చీ జారకుండా ఉండాలని, పక్క గోడకు పట్టుకోవడానికి కడ్డీ ఉండాలని, గచ్చు తడి లేకుండా తుడవాలని ముందే చెప్పేవాళ్లుంటే ఎన్నో పడిపోవడాలు తప్పుతాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. ముక్కితే నడుం నొప్పి ఎగబాకుతుంది. నీళ్లు, పీచున్న కూరలు, పండ్లు, అవసరమైతే డాక్టరు రాసిన విరేచనం మందు ఆ పరిస్థితి రాకుండా చూస్తాయి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని, వంకాయ, గోంగూర ముట్టుకోవద్దని పెద్దలు ఆంక్షలు పెడతారు. చారన్నంతో వారాలు నడిపిస్తారు. గాయం మానడానికి, కండ నిలవడానికి కావలసినది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు ఆ పని చేస్తాయి. చీము పట్టడానికి అసలు దారులు వేరే ఉన్నాయి: అదుపులో లేని షుగరు, తడిసిన కట్టు, మురికి చేతులు. సిగరెట్, బీడీ మానకపోతే ఫ్యూజన్ చేసిన చోట ఎముక అతుక్కోవడమే కష్టమవుతుంది. పథ్యం పాటించే పట్టుదలను ఈ నాలుగింటి మీద పెడితే ఎంతో మేలు.

ఇంకో సంగతి ఎవరూ పైకి అనరు. మగమనిషికి ఆపరేషన్ అయితే మంచం దిగనివ్వరు, ఆడమనిషికి అయితే మంచమే దొరకదు. తొలి వారాల్లో రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దని, వంగవద్దని, మెలితిరగవద్దని సర్జన్లు చెబుతారు. నిండు బిందె దాదాపు 15 కిలోలుంటుంది. వంటగ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, బండ బరువు కలిపితే 30 కిలోల దగ్గర. కుట్లు విప్పకముందే ఇల్లు ఊడ్చి, వంగి ముగ్గేసి, బట్టలు పిండే కోడళ్లు, తల్లులు ఊరూరా ఉన్నారు. డిస్కు ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 5 నుంచి 15 మందికి డిస్కు మళ్లీ జారుతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ‘నీ పని నడవడం, మిగతాది మేం చూసుకుంటాం’ అని భర్త, పిల్లలు చీపురు, బిందె అందుకోవడం ఆమె మందుల చీటీలో మొదటి మందు. దూరదేశంలో ఉన్న పిల్లలు కూడా వీడియో కాల్‌లో ‘రెస్టు తీసుకో అమ్మా’ అనే బదులు, ‘ఇవాళ ఎంత నడిచావు, గిన్నెలు ఎవరు తోమారు’ అని అడగాలి.

ఎంత కదలాలన్నది జరిగిన ఆపరేషన్ను బట్టి, ఎముక బలాన్ని బట్టి మారుతుంది. ఫ్యూజన్ అయినవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు ఆంక్షలు ఎక్కువ కాలం ఉంటాయి. అందుకే ప్రతి రోగికీ తన సర్జన్ మాట తనకు అర్థమయ్యే భాషలో చేతికందాలి. ఇప్పుడు అందుతున్నది ఇంగ్లిష్ డిశ్చార్జి సమ్మరీ. మాత్ర పేరు పక్కన ‘బీడీ’, ‘టీడీఎస్’, ‘ఎస్ఓఎస్’ అని ఉంటుంది. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు, అవసరమైతేనే అని దాని అర్థమని చెప్పేది మందుల షాపు కుర్రాడే. రెండు వారాలకు మళ్లీ రమ్మంటారు, ఈలోగా ఏం చేయాలో ఉండదు. కాలి నొప్పి ముందు పోతుందని, తిమ్మిరి నెమ్మదిగా, కొన్నిసార్లు నెలల తర్వాత తగ్గుతుందని తెలియక ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అని ఏడ్చేవాళ్లు ఎందరో. మరోవైపు, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండానే కారిపోవడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోవడం, కాలు కొత్తగా బలహీనపడటం గంటల్లో ఆస్పత్రికి పరుగెత్తాల్సిన లక్షణాలని తెలియక ‘రేపు చూద్దాం’ అని ఆగేవాళ్లూ ఉన్నారు. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం కూడా ఆగకూడనివే. వీటన్నిటికీ పెద్దక్షరాల్లో, బొమ్మలతో ఒక్క తెలుగు కాగితం చాలు. దాన్ని ఇవ్వకుండా వెన్ను ఆపరేషన్ రోగిని డిశ్చార్జి చేయకూడదని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆదేశించవచ్చు.

డబ్బు సంగతీ తేలాలి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాతి ఖర్చు 15 రోజులకే పరిమితం. వ్యాయామంతో మేలు జరిగినట్టు కోక్రేన్ సమీక్ష చూపినది నాలుగో వారం నుంచి ఆరో వారం మధ్య మొదలుపెట్టినప్పుడు. అంటే ఫిజియోథెరపీ మొదలవ్వాల్సిన వేళకు పథకం తప్పుకుంటుంది. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపిస్టులను గుర్తింపు పొందిన ఆరోగ్య వృత్తి నిపుణుల్లో చేర్చింది. ఆ గుర్తింపు ఊళ్లోని రోగి గుమ్మం దాకా రావాలంటే వెన్ను ఆపరేషన్ ప్యాకేజీలోనే కనీసం పన్నెండు వారాల ఫిజియోథెరపీ కలపాలి.

కూలి పోయిన రోజుల మాటేమిటి? ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికి జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. హమాలీకి, ఆటో డ్రైవరుకు, పొలం కూలీకి అది లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇచ్చే పథకం మొదలైంది. ఏ పార్టీ ఆలోచన అన్నది పక్కనపెడితే, పేదవాడు త్వరగా బరువెత్తడానికి కారణం అజ్ఞానం కాదు, ఖాళీ బియ్యం డబ్బా అని గుర్తించిన ఆలోచన అది. రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి సాయం ప్రభుత్వాలతో పాటు మారిపోకుండా చట్టంగా నిలవాలి. రెండో ఆపరేషన్‌కు ఖజానా కట్టే సొమ్ముతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

తెలుగిళ్లలో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకుంటారు. నడుం ఆపరేషన్ అయిన ఇంట్లో అదే గళ్లలో నడక నిమిషాలు పడాలి. మొదటి రోజు గుమ్మం దాకా అయిదు నిమిషాలు, అలా నాలుగుసార్లు. వారం తిరిగేసరికి వీధి చివరి దాకా పది. నెలకు ఊరి చెరువు గట్టు మీద అరగంట. నాలుగో వారంలో ఒక ఫిజియోథెరపిస్టు ఆ ఇంటికొచ్చి, క్యాలెండర్ తిరగేసి, ఆ మనిషిని తన ముందు రెండుసార్లు లేపి కూర్చోబెట్టి, తర్వాతి నెల గళ్లలో ఏం రాయాలో చెప్పి వెళ్లాలి. ఆ రాకకయ్యే ఖర్చు ఆపరేషన్ బిల్లులోనే ఉండాలి.